మత్తయి 28:19 ఎవరికి చెప్పిన మాట? శిష్యులను చేయడం అంటే అసలు ఏం చేయాలి?

వందనాలు తమ్ముడూ. మీ ప్రశ్న నాకు ఇలా అర్థమైంది. మీ పాస్టరుగారు మత్తయి 28:19 చదివి, ప్రతి విశ్వాసీ వెళ్లి శిష్యులను చేయాల్సిందే అన్నారు. ఇంటికొస్తే మీ పెదనాన్నగారు, "అది ఆ పదకొండుమంది అపొస్తలులకు చెప్పిన మాట, మనకు కాదు" అన్నారు. మీరేమో హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నారు. ఆఫీసులో ప్రభువు గురించి నోరు విప్పాలంటే టెన్షన్, విప్పకపోతే అవిధేయుడినన్న బాధ. పైగా ఇంత పెద్ద పనికి బైబిల్లో ఆధారం ఒక్క వచనమేనా అన్న అనుమానం కూడా ఉంది. మీ రూమ్మేట్ సంగతి కూడా రాశారు, దానికి చివర్లో వస్తాను.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా ప్రకాశం జిల్లా పల్లెల్లో బైబిలు క్లాసులు చెబుతూ తిరిగాను. అందులో కొన్నేళ్లు ఈ వచనాన్ని తప్పుగా పట్టుకుని పనిచేశాను. అందుకే కాస్త పెద్ద జవాబు రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు వాక్యాన్నే చూద్దాం. "కాబట్టి మీరు వెళ్లి, సమస్త జనులను శిష్యులనుగా చేయుడి." మన తెలుగు ఇక్కడ గ్రీకుకు చాలా దగ్గరగా ఉంది. 'వెళ్లి' అనేది అసమాపక క్రియ. భారమంతా 'చేయుడి' మీద పడుతుంది. మూలంలోనూ అంతే, ఆజ్ఞగా ఉన్న క్రియ ఒక్కటే: శిష్యులనుగా చేయండి. వెళ్లడం, బాప్తిస్మమివ్వడం, బోధించడం మూడూ ఆ ఒక్క క్రియను పట్టుకుని ఉన్నవే. మన అనువాదంలో చివర 'బోధించుడి' అని వచ్చింది గానీ, మూలంలో అది 'బోధించుచు'.

ఈ సంగతి తెలిసిన కొందరు, "చూశారా, వెళ్లమని ఆజ్ఞ లేదు, ఉన్నచోటే ఉంటే చాలు" అంటారు. నేను ఒప్పుకోను. అమ్మ "కొట్టుకెళ్లి ఉప్పు తీసుకురా" అందనుకోండి. ఆమెకు కావలసింది ఉప్పే, కానీ కొట్టుకు వెళ్లకుండా ఉప్పు రాదు కదా. అదే అధ్యాయం 7వ వచనంలో దూత స్త్రీలతో "త్వరగా వెళ్లి... ఆయన శిష్యులకు తెలియజేయుడి" అన్నప్పుడు గ్రీకులో సరిగ్గా ఇదే పొందిక. ఆ స్త్రీలు సమాధి దగ్గర నిలబడిపోలేదు, పరుగెత్తారు. అయితే కొట్టుదాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్లూ ఉంటారు. ఊళ్లు తిరిగాం, కరపత్రాలు పంచాం, మైకు పెట్టి మూడు రాత్రులు కూటాలు జరిపాం, ఉప్పు మాత్రం ఇంటికి రాలేదు. మన సంఘాల్లో ఎక్కువగా కనబడేది ఇదే.

ఇక పెదనాన్నగారి మాట. ఆయన చెప్పింది ఆయన సొంతంగా పుట్టించిన వాదం కాదు, చాలా పాతది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో మంచి భక్తిగల సంఘపెద్దలు కూడా ఇదే నమ్మారు. చెప్పులు కుట్టి బతికి తర్వాత బోధకుడైన విలియం కేరీ 1792లో ఒక చిన్న పుస్తకం రాసి దీనికి జవాబు చెప్పాడు. ఆ ఆజ్ఞ అపొస్తలులకే అయితే, అదే వాక్యంలో ఉన్న బాప్తిస్మం కూడా వాళ్లతోనే ఆగిపోవాలి కదా, మనం ఎందుకు ఇస్తున్నాం? "ఇదిగో నేను యుగసమాప్తి వరకు సదాకాలము మీతో కూడ ఉన్నాను" అన్న వాగ్దానం మాత్రం మనదని ఎలా అంటాం? మరుసటి ఏడే ఆయన ఇండియాకు వచ్చాడు. 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది ఆయన పనిచేసిన శ్రీరాంపూర్ ప్రెస్సులోనే. ఆ వచనం మనదేనని ఆయన నమ్మడంవల్ల మన భాషకు వచ్చిన మేలు ఇది.

వాక్యంలోనే ఇంకో ఆధారం ఉంది. "నేను మీకు ఏ యే సంగతులను ఆజ్ఞాపించితినో వాటినన్నిటిని గైకొనవలెనని" బోధించమన్నాడు. ఆ 'అన్నిటి'లో శిష్యులను చేయమన్న ఈ ఆజ్ఞ కూడా ఒకటి. అంటే మొదటి శిష్యుడు రెండోవాడికి నేర్పించాల్సిన వాటిలో, మూడోవాడికి నేర్పించడం కూడా ఉంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఒప్పించింది మాత్రం అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం. స్తెఫనును చంపాక యెరూషలేములో హింస మొదలైంది. "అపొస్తలులు తప్ప అందరు యూదయ సమరయ దేశములయందు చెదరిపోయిరి" అని మొదటి వచనం. నాలుగో వచనంలో, "చెదరిపోయినవారు సువార్త వాక్యమును ప్రకటించుచు సంచారముచేసిరి." ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. ఊళ్లు పట్టుకుని వెళ్లి ప్రకటించినవాళ్లు అపొస్తలులు కారు. అపొస్తలులు పట్టణంలోనే ఉన్నారు. వెళ్లింది ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని పారిపోయిన మామూలు విశ్వాసులు. వాళ్లలో కుప్ర, కురేనేలకు చెందిన కొందరు అంతియొకయకు చేరి గ్రీసుదేశస్థులతో కూడా మాట్లాడారని 11వ అధ్యాయం చెబుతుంది. వాళ్ల పేర్లు కూడా మనకు తెలియవు. తర్వాత పౌలును బర్నబాను పంపిన సంఘం, శిష్యులకు మొట్టమొదట 'క్రైస్తవులు' అన్న పేరు వచ్చిన సంఘం, ఆ పేరు తెలియనివాళ్ల మాటలవల్ల పుట్టింది. పెదనాన్నగారికి ఈ రెండు వచనాలూ చూపించండి. వాదించక్కర్లేదు, కలిసి చదవండి చాలు.

ఆధారం ఒక్క వచనమేనా అని అడిగారు. ఆ వచనమే లేకపోయినా మిషన్, అంటే సువార్తను జనాల దగ్గరికి తీసుకెళ్లే పని, ఉండేదని నా నమ్మకం. లూకా 24లో లేచిన ప్రభువు శిష్యుల మనస్సు తెరిచి లేఖనాలను గ్రహింపజేసినప్పుడు, అక్కడ రాయబడి ఉన్నవి మూడని చెప్పాడు. క్రీస్తు శ్రమపడతాడు, మూడో దినాన లేస్తాడు, యెరూషలేము మొదలుకొని సమస్త జనములలో ఆయన పేరట మారుమనస్సు, పాపక్షమాపణ ప్రకటింపబడతాయి. మొదటి రెండూ పాత నిబంధనలో ఉన్నాయని మనం ఒప్పుకుంటాం. మూడోది కూడా అక్కడే ఉందని చెబుతున్నది ఆయనే.

ఎక్కడుంది అంటే, ఆదికాండము 12లోనే మొదలు. బాబెలు దగ్గర జనాలు చెదిరిపోయిన కథ 11వ అధ్యాయం. వెంటనే 12లో దేవుడు ఒకే ఒక మనిషిని పిలిచి, భూమి యొక్క సమస్త వంశములు నీయందు ఆశీర్వదించబడును అంటాడు. అబ్రాహామును ఏర్పరచుకున్నది మిగతావాళ్లను వదిలేయడానికి కాదన్నమాట. 67వ కీర్తన తీసుకోండి, దేవుడు మమ్మును ఆశీర్వదించును గాక అని మొదలై, భూమి మీద నీ మార్గం తెలియబడాలి అని అందుకు కారణం చెబుతుంది. యెషయా 49:6లో సేవకుణ్ణి అన్యజనులకు వెలుగుగా నియమించిన మాటను పౌలు పిసిదియ అంతియొకయలో తనకూ బర్నబాకూ ఇచ్చిన ఆజ్ఞగా చదివాడు (అపొ. 13:47). యోనా అయితే చెప్పనే అక్కర్లేదు. దేవుడు నీనెవెను కనికరిస్తాడేమోనని భయపడి పారిపోయిన ప్రవక్త ఆయన.

నాకు ప్రాణమైనది మాత్రం 2 రాజులు 5లోని చిన్నపిల్ల. సిరియా సైనికులు దోచుకుపోయిన పిల్ల. నయమాను భార్యకు పరిచారం చేస్తోంది. పేరు లేదు. తన ఇంటినుంచి ఎత్తుకుపోయిన సైన్యానికి అధిపతి కుష్ఠుతో బాధపడుతుంటే, "మా యజమానుడు షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గరికి వెళితే బాగుండు" అన్న భావంతో ఒక్క మాట అంది. అంతే. పగ పెట్టుకోవాల్సిన ఇంట్లో ఆమె మేలు కోరింది. నజరేతులో ప్రభువు ఈ నయమాను పేరెత్తినందుకే ఊరివాళ్లు ఆయన్ని కొండ అంచునుంచి తోసేయబోయారు (లూకా 4). దేవుని కృప బయటివాళ్లకు వెళుతుందంటే లోపలివాళ్లకు ఎంత కోపం వస్తుందో అక్కడ చూడవచ్చు.

ఒక జాగ్రత్త. మార్కు 16:15లో "మీరు సర్వలోకమునకు వెళ్లి" అన్నది మన గోడల మీద, బ్యానర్ల మీద ఎక్కువగా కనబడే వాక్యం. 4వ శతాబ్దానికి చెందిన సినాయ్, వాటికన్ అనే చేతిరాత గ్రీకు ప్రతుల్లో మార్కు సువార్త 16:8తో ముగుస్తుంది. 9 నుంచి 20 వరకు వాటిలో లేవు. ఇది విని కంగారు పడకండి. ఆ మాట మత్తయి, లూకా, యోహాను, కార్యములన్నిట్లోనూ ఉంది. కానీ మొత్తం ఉపదేశాన్ని ఆ ఒక్కచోట కట్టి, పాముల్ని పట్టుకునే వచనందాకా వెళ్లిపోయేవాళ్లను చూశాను. ఆధారం గట్టిగా ఉన్నచోటే కాలు పెట్టాలి.

ఇప్పుడు అసలు సంగతి. శిష్యుడు అంటే ఎవరు? కొత్త నిబంధనలో 'క్రైస్తవుడు' అన్న మాట మూడంటే మూడు చోట్ల వస్తుంది. 'శిష్యుడు' అన్నది రెండువందల యాభైకి పైగా వస్తుంది. మనం మొదటిదాన్ని లెక్కపెట్టుకుంటూ రెండోదాన్ని మరిచిపోయాం. ప్రభువు పన్నెండుమందిని ఎందుకు నియమించాడో మార్కు 3:14 చెబుతుంది. ఉద్దేశాలలో మొదటిది, "వారు తనతో కూడ ఉండునట్లును". పంపడం దాని తర్వాత. ఆయనతో నడిచారు, పడవలో తడిశారు, ఆకలికి వెన్నులు తుంచారు, ఆయన ఏడ్వడం చూశారు. మన దేశంలో గురువు ఇంట్లో ఉండి నేర్చుకోవడం కొత్త మాట కాదు కాబట్టి ఇది మనకు తొందరగా అర్థం కావాలి.

ఒక తేడా ఉంది, అది మరువకూడదు. "మీరైతే బోధకులని పిలువబడవద్దు, ఒక్కడే మీ బోధకుడు, మీరందరు సహోదరులు" అని మత్తయి 23:8. నేను చేయాల్సింది ఆయనకు శిష్యులను, నాకు కాదు. పాస్టరుగారి ఫోటో ఫ్లెక్సీ మీద ప్రభువు పేరుకంటే పెద్దదిగా ఉన్నచోట నాకు ఈ వాక్యమే గుర్తొస్తుంది. అదే అధ్యాయం 15వ వచనంలో, ఒకణ్ణి తమ మతంలో కలుపుకోవడానికి సముద్రాన్నీ భూమినీ చుట్టి వచ్చేవాళ్లను ప్రభువు ఎంత గట్టిగా గద్దించాడో కూడా చదవండి. మతంలోకి మనుషుల్ని చేర్చుకోవడం, శిష్యులను చేయడం ఒకటి కావని ఆ ఒక్క వచనం చాలు తెలుసుకోవడానికి.

'గైకొనవలెనని బోధించుడి' అన్నది నాకు బైబిలు కాలేజీలో అర్థం కాలేదు. ఒక పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) దగ్గర అర్థమైంది. కందుకూరు వైపు ఒక పల్లెలో చదువురాని ఒక పెద్దమ్మ ఉండేది. డెబ్బై దాటిన మనిషి. ఆకు కోతల రోజుల్లో ఆడవాళ్లు నేలమీద కూర్చుని కర్రలకు పచ్చాకు కడతారు. ఆ జిగురుకు వేళ్లు నల్లగా అయిపోతాయి. కొత్తగా సంఘంలోకి వచ్చిన ఒక కోడలిపిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఈ పెద్దమ్మ పరలోక ప్రార్థన నేర్పిస్తోంది. కర్రకొక మాట. ఒక కర్ర కట్టడం పూర్తయ్యేసరికి ఆ మాట నోటికి రావాలి. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" దాకా బాగానే నడిచింది. తర్వాతి మాట, "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము..." పెద్దమ్మ కర్ర పక్కన పెట్టింది. "ఇది ఇప్పుడు చెప్పను. నీ తోడికోడలితో రెండేళ్లనుంచి మాటల్లేవంట కదా. ముందు పోయి పలకరించిరా, తర్వాత ఈ మాట చెప్పుకుందాం" అంది.

ఆ పిల్ల వారం రోజులు రాలేదు. నేను కూడా, పెద్దమ్మ తొందరపడిందేమో అనుకున్నాను. ఎనిమిదో రోజు వచ్చింది, తోడికోడల్ని వెంటబెట్టుకుని. ఇద్దరూ కలిసి ఆ మిగిలిన మాటలు నేర్చుకున్నారు. నేనైతే ఆ ప్రార్థన మీద నలభై నిమిషాల ప్రసంగం చేసి ఇంటికి వెళ్లిపోయేవాణ్ణి. ప్రభువు 'ఆజ్ఞలు బోధించండి' అని ఆపలేదు, 'గైకొనవలెనని బోధించండి' అన్నాడు. ఆ తేడా ఆ పెద్దమ్మకు తెలుసు.

నా తప్పు కూడా చెబుతాను. సేవ మొదలుపెట్టిన రోజుల్లో నాకు సాయం పంపే ఒక సంస్థవాళ్లు నెలనెలా ఒక ఫారం నింపమనేవారు. ఎన్ని ఊళ్లు, ఎన్ని కూటాలు, ఎంతమందికి బాప్తిస్మం. నేనూ ఉత్సాహంగానే నింపేవాణ్ణి. ఒక ఊళ్లో చెరువులో పద్నాలుగుమందికి బాప్తిస్మమిచ్చి పేర్లు డైరీలో రాసుకున్నాను. ఆ తర్వాత కొత్త ఊళ్ల వెంట పడ్డాను. ఆరేళ్లకు అటు వెళ్లాల్సి వచ్చి అడిగితే, ప్రభువును వెంబడిస్తున్నవాళ్లు ముగ్గురు. వాళ్లలో ఒకాయన నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, కోపం లేకుండానే అన్నాడు: "అయ్యగారూ, మీరు మళ్లీ వస్తారని రెండు కోతలు ఎదురుచూశామండి." ఫారంలో ఆ సంగతి రాయడానికి గడి లేదు. ఆ డైరీ ఇప్పటికీ నా దగ్గరుంది.

ఆ రాత్రి అపొస్తలుల కార్యములు 14 చదివాను. 'శిష్యులనుగా చేయు' అన్న ఆ గ్రీకు క్రియ కొత్త నిబంధన మొత్తంలో నాలుగుసార్లే వస్తుంది. మూడు మత్తయిలో, నాలుగోది ఇక్కడ 21వ వచనంలో, దెర్బేలో. మత్తయి 28:19లోని ఈ మహా ఆజ్ఞను అపొస్తలులు ఎలా అర్థం చేసుకున్నారో చూడాలంటే ఇదే చోటు. దెర్బేలో అనేకులను శిష్యులనుగా చేశాక పౌలు, బర్నబా ఎక్కడికి వెళ్లారు? వెనక్కి, లుస్త్రకు. రెండు వచనాల ముందు పౌలును రాళ్లతో కొట్టి, చచ్చాడనుకుని ఈడ్చి పారేసిన ఊరు అది. దెబ్బలు మానీ మానకముందే అక్కడికి తిరిగి వెళ్లి శిష్యుల మనస్సులను దృఢపరచి, ప్రతి సంఘంలో పెద్దలను ఏర్పరచారు. తర్వాతి రోజుల్లో పౌలు ఎఫెసులో తురన్ను పాఠశాలలో రెండేళ్లు ప్రతిదినం కూర్చున్నాడు. తిరిగి వెళ్లడం, ఎక్కువకాలం కూర్చోవడం. నేను చేయనివి ఈ రెండే.

మన ఒంగోలు చరిత్ర ఈ విషయంలో చాలా నేర్పుతుంది. అమెరికన్ బాప్టిస్టులు 1836 నుంచి తెలుగువాళ్ల మధ్య ఉన్నా, నెల్లూరులో ఏళ్ల తరబడి ఫలితం చాలా తక్కువ. 1866లో జాన్ క్లౌ అనే మిషనరీ ఒంగోలుకు వచ్చాడు. మార్పు తెచ్చింది ఆయన ఒక్కడి ప్రసంగాలు కావు. తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మనిషి. 1866లో బాప్తిస్మం పొంది, ఎప్పుడూ తిరిగే దారుల్లోనే, ఎప్పుడూ కలిసే చుట్టాలతోనే మాట్లాడాడు. కొద్ది నెలలకు దొర ఆ ఊరు వెళ్లేసరికి చుట్టుపక్కల పల్లెలవాళ్లు అప్పటికే నమ్మి, నేర్చుకుని, ఎదురుచూస్తున్నారు. కార్యములు 11లోని పేరు తెలియని మనుషుల పని అచ్చం ఇదే.

తర్వాత 1876-78 కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్లు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. తెలుగు బోధకులు ఆ కూలీల మధ్యే ఉండి, పని ఆపి కూర్చున్నప్పుడు వాక్యం చెప్పేవారు. జనం బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరువు పని జరుగుతున్నంతకాలం, ఏడాదికి పైగా, ఒక్కరికీ ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని, వాళ్ల మనసు వాళ్లకే తేలాలని. పని, సాయం అయిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. నీళ్లలోకి దిగి ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. అందరూ ఆ 2,222 అంకెను పండగలా చెబుతారు. నేను మాత్రం యువకులకు ముందు ఆ ఏడాది పైచిలుకు నిరీక్షణ గురించి చెబుతాను. యోహాను 6లో రొట్టెలు తిన్నందుకు వెదుకుతున్నారని జనంతో సూటిగా అన్న ప్రభువు మనసు అందులో కనబడుతుంది. ఆశ చూపించి, భయపెట్టి, ఉద్యోగం పేరు చెప్పి ఎవరినైనా తెస్తే అది 2 కొరింథీయులకు 4:2లో పౌలు విసర్జించానన్న కుయుక్తే. "నాకు సర్వాధికారము ఇయ్యబడియున్నది" అన్నాడు ప్రభువు. అధికారం ఆయనది. మనది సాక్ష్యం మాత్రమే.

ఇంకో సంగతి చెప్పకుండా వెళ్లలేను. 'సమస్త జనులు' అన్నదానికి మన దగ్గర ఒక పరీక్ష ఉంది, అది భోజనం బల్ల. ఒకే ఊళ్లో ఒకే ప్రభువు పేరిట, కులానికొక మందిరం ఉన్నచోట్లు నేను చూశాను. ఎవరి భాషలో, ఎవరి బంధువుల మధ్య వాళ్లకు సువార్త వెళ్లడం సహజం, పేరయ్య చేసిందీ అదే. కానీ అక్కడే ఆగిపోతే సువార్త సగంలో నిలిచిపోయినట్టు. అంతియొకయ సంఘంలోని ప్రవక్తల, బోధకుల పేర్లు కార్యములు 13:1లో చదవండి, వేరువేరు చోట్లవాళ్లు ఒకే సంఘంలో ఉన్నారు. నీగెరనబడిన సుమెయోను, కురేనీయుడైన లూకియ, హేరోదుతో కూడా పెరిగిన మనయేను. ఆ సంఘంలోనే పేతురు అన్యజనులతో కలిసి తినడం మానేస్తే, పౌలు అందరిముందూ నిలదీశాడు. సువార్త సత్యం ప్రకారం నడవడంలేదన్నాడు (గలతీ 2:14). బల్ల దగ్గర తప్పు జరిగితే దాన్ని మర్యాదల లెక్కలో వేయలేదు, సువార్త తప్పిపోయిందన్నాడు.

ఇక మీ టెన్షన్ గురించి. అందరూ సువార్తికులు కారు. ఎఫెసీ 4:11 'కొందరిని సువార్తికులనుగా' అంటుంది. కొలొస్సయి 4లో పౌలు, వాక్యం చెప్పడానికి తలుపు తెరవబడేలా తనకోసం ప్రార్థించమని అడిగాడు. మరి కొలొస్సయి విశ్వాసులకు ఏం చెప్పాడు? మీ సంభాషణ ఉప్పు వేసినట్టు రుచిగా, కృపాసహితంగా ఉండాలి, ప్రతి మనిషికి ఎలా జవాబు చెప్పాలో తెలుసుకోండి అన్నాడు. జవాబు అంటే అవతలివాడు అడిగి ఉండాలి. 1 పేతురు 3:15 కూడా అంతే: మీలో ఉన్న నిరీక్షణకు కారణం అడిగేవాళ్లకు సాత్వికంతో, భయంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి. కాబట్టి లంచ్ టైములో బలవంతాన టాపిక్ తేలేకపోతున్నందుకు మిమ్మల్ని మీరు అవిధేయుడని తిట్టుకోకండి. ఎవరూ ఏమీ అడగనట్టుగా బతుకుతుంటే మాత్రం ఆలోచించుకోవాలి.

దీన్ని సాకుగా కూడా పట్టుకోకండి. 1912లో దోర్నకల్‌కు బిషప్పైన అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు, తిరునెల్వేలి నుంచి తెలుగువాళ్ల దగ్గరికి వచ్చిన తమిళుడు. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్లను, ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్లే, తమ తలమీద తామే చెయ్యి పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని చెప్పమనేవారు. పౌలు 1 కొరింథీ 9:16లో తన గురించి అన్న మాటను పాలేరు నోట, కూలితల్లి నోట పెట్టారన్నమాట. ఆయనే 1910లో ఎడిన్‌బరో మహాసభలో మిషనరీలముందు నిలబడి, మీరు ప్రాణాలిచ్చారు, ఆస్తులిచ్చారు, మాకు స్నేహితులను ఇవ్వండి అన్న అర్థంలో వేడుకున్నారు. దూరంగా కుర్చీలో కూర్చుని శిష్యులను చేయలేమని ఆయనకు తెలుసు. థెస్సలొనీకయులకు సువార్త మాత్రమే కాక మా ప్రాణాలు కూడా ఇవ్వడానికి సిద్ధపడ్డామని పౌలు రాసిందీ అదే.

టెన్షన్ పడుతున్నారు కాబట్టి ఇంకొక్క మాట. మత్తయి 28:17లో, కొండమీద ఆయన్ని చూసి మ్రొక్కినవాళ్లలో "కొందరు సందేహించిరి" అని ఉంది. పదకొండుమందే ఉన్నారు, ఒకడు పోయాడు, మిగిలినవాళ్లలోనూ కొందరికి అనుమానం. ప్రభువు వాళ్లను పక్కకు నిలబెట్టి ఆజ్ఞ ఇవ్వలేదు. అందరికీ కలిపే ఇచ్చాడు.

మీ రూమ్మేట్ "ఆదివారం పొద్దున్నే ఎక్కడికి వెళ్తావ్, అక్కడ ఏం చేస్తారు?" అని రెండుసార్లు అడిగితే మాట దాటేశానని రాశారు. తమ్ముడూ, తలుపు తెరవబడింది. ఈసారి దాటేయకండి. సంఘానికి లాక్కెళ్లాలని ముందే ప్లాన్ వేయకండి. ఏం చేస్తారో ఉన్నదున్నట్టు చెప్పండి, పాటలు, ప్రార్థన, వాక్యం, తర్వాత టీ. ఇంకా తెలుసుకోవాలని ఉందా అని అడగండి. లేదంటే ఆపేయండి, స్నేహం ఆపకండి. ఉందంటే వారానికొక రాత్రి, అన్నం తిన్నాక, మార్కు సువార్త ఒక్కో అధ్యాయం కలిసి చదవండి. మీరు ప్రసంగం చేయొద్దు. చదివాక, ఇందులో యేసు ఎలాంటివాడిగా కనబడ్డాడు, ఇది నిజమైతే ఈ వారం మనం ఏం మార్చుకోవాలి అన్న రెండు ప్రశ్నలు వేసుకోండి. రెండో ప్రశ్నకు ముందు మీరు జవాబు చెప్పండి, ఆ వారం అది చేసి చూపించండి. తెలియనివి అడిగితే తెలియదని చెప్పి, పాస్టరుగారిని అడిగి రండి.

పదహారు అధ్యాయాలు, నాలుగు నెలలు. చివరి అధ్యాయం 9వ వచనం దగ్గరికి వచ్చాక, నేను పైన చెప్పిన ఆ ప్రతుల సంగతి అతనికి దాచకుండా చెప్పండి.